తక్దీర్ కాదు, తారీఖు కావాలి



మా మామూ జనాజా అయిన మూడో రోజు. టెక్కలిలో ఇంటి ముందు వేసిన టెంటు ఇంకా విప్పలేదు. పుర్సాకి వచ్చిన ప్రతి పెద్దమనిషీ ఒకే మాట చెప్పి, చాయ్ తాగి, భుజం తట్టి వెళ్తున్నాడు. "అల్లాహ్ మర్జీ బేటా. ఆ జబ్బుకి ఇలాజ్ లేదు. తక్దీర్‌లో అంతే రాసుంది." నేను తల ఊపాను. ఆ రోజు ఊపాల్సిందే. మయ్యత్ ఇంట్లో బహస్ పెట్టుకోకూడదు.

ఇప్పటికి ఏడాది దాటింది. ఆ మాటకి ఈరోజు జవాబు చెప్తాను.

మౌత్ అల్లాహ్ చేతిలో ఉంది. అందులో నాకు ఏ షక్కూ లేదు. కానీ భావనపాడు ఒడ్డు నుంచి విశాఖపట్నంలో సర్జన్ ముందు కుర్చీ దాకా చేరడానికి మా మామూకి పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండు వారాలు మనుషులు రాసినవి. కొన్ని సర్కార్ రాసింది. కొన్ని ఆసుపత్రులు రాశాయి. కొన్ని మన ఖాందాన్ వాళ్లమే రాశాం. మనం చేసిన పనిని తక్దీర్ ఖాతాలో వేయడం కూడా ఒక ఝూట్ అని నాకు అనిపిస్తుంది.

మామూ బోటు ఇంజన్ల మెకానిక్. ఇరవై ఏళ్లకు పైగా భావనపాడు రేవులోనే షెడ్డు. ఆ ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరికీ "సాయిబు మేస్త్రీ". రాత్రి రెండింటికి వేటకు వెళ్లాల్సిన బోటు స్టార్ట్ కాకపోతే, రెండింటికే లేచి వెళ్లేవాడు. అలాంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట ఉన్నట్టుండి షుగర్ వచ్చింది. ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు. తర్వాత బరువు తగ్గాడు. తర్వాత రాత్రుళ్లు ఒళ్లంతా దురద. ముమానీ కొబ్బరినూనె రాసేది. తర్వాత మూత్రం కాఫీ రంగులోకి, కళ్లు పసుపులోకి మారాయి. నొప్పి లేదు. జ్వరం లేదు. నొప్పి లేదు కాబట్టి ఫికర్ లేదనుకున్నాం.

ఇక వారాల హిసాబ్ చూడండి. మూడు వారాలు పసరు మందు. నేల ఉసిరి నూరి పరగడుపున తాగించారు, పత్యం పెట్టారు. ఒక వారం ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ బాటిళ్లు. ఒక వారం టౌన్‌లో రక్త పరీక్ష, స్కానింగ్. కడుపులో గ్యాస్ అడ్డొచ్చి క్లోమం సరిగ్గా కనపడలేదని రిపోర్ట్. క్రియాటినిన్ కొంచెం ఎక్కువ ఉందని తేలింది. అంతే, "ఉద్దానం పక్క మనిషి కదా, కిడ్నీ కేసు" అని ఇంకో వైపు పంపారు. అక్కడ రెండు వారాలు. సీటీ తీయాలంటే రంగు మందు ఎక్కించాలి, కిడ్నీకి ప్రమాదం, ఆలోచిద్దాం అన్నారు. ఆ ఆలోచన, దాని వెనక డబ్బు కోసం తిరగడం, అవి రెండు వారాలు. చివరికి ఒక డాక్టర్ నోటిమాటగా "వైజాగ్ పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అన్నాడు. ఏ ఆసుపత్రి, ఏ డిపార్ట్‌మెంట్, ఏ రోజు, ఎవరిని అడగాలి, ఏదీ లేదు. చీటీ కూడా లేదు. వైజాగ్‌లో ఓపీ క్యూ, మంచం, మళ్లీ సీటీ, ఇంకో రెండు వారాలు.

సర్జన్ మంచివాడు. ఫిల్ముని లైటు ముందు పెట్టి మాకు వేలితో చూపించాడు. "గడ్డ క్లోమం తలలో ఉంది. ఇక్కడ పెద్ద రక్తనాళాన్ని చుట్టేసింది. ఇప్పుడు తీయలేం." మా మామూ కొడుకు అడిగాడు, రెండు నెలల ముందు వచ్చుంటే? సర్జన్ జవాబు ఇవ్వలేదు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆ సవాల్‌కి జవాబు నాకూ తెలీదు. ముందు వచ్చినా తీయలేకపోయేవారేమో. ఈ జబ్బు దొరికేనాటికి నూటికి పదిహేను, ఇరవై మందికి మాత్రమే ఆపరేషన్ వీలవుతుందని డాక్టర్లు చెప్తారు. కానీ మామూ ఆ ఇరవైలో ఉన్నాడా, మిగిలిన ఎనభైలో ఉన్నాడా అని చూసే మనిషి ముందు కూర్చోవడం ఆయన హఖ్. ఆ హఖ్ ఆయనకి అందేసరికి అది పనికిరాకుండా పోయింది. నా గుస్సా అంతా దాని మీదే.

ఈ ఆపరేషన్ ఏమిటో తెలియకపోతే మనం సర్కార్‌ని తప్పు కోరికే కోరతాం. అందుకే కొంచెం ఓపికగా చదవండి.

క్లోమం అంటే పాంక్రియాస్. జానెడు కూడా ఉండదు, కడుపు వెనకాల వెన్ను మీద పడుకుని ఉంటుంది. ఇన్సులిన్ చేసేది అదే. అందుకే పెద్ద వయసులో కారణం లేకుండా షుగర్ వచ్చి, దాంతోపాటు బరువు తగ్గితే అది ఒక్కోసారి క్లోమం పంపే మొదటి ఖబర్. కాలేయం నుంచి దిగే పైత్యం గొట్టం క్లోమం తల లోంచే వెళ్తుంది. తలలో గడ్డ లేస్తే గొట్టం మూసుకుంటుంది. పైత్యం రక్తంలోకి ఎక్కుతుంది. కళ్లు పచ్చబడతాయి, ఒళ్లు దురద పెడుతుంది, మలం సుద్దరంగులోకి వస్తుంది. వైరస్‌తో వచ్చే కామెర్లు వేరు, ఈ కామెర్లు వేరు. మొదటివి చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, ఆ పేరు పసరు కొట్టేస్తుంది. రెండోవాటిని ఏ పసరూ తగ్గించలేదు, ఎందుకంటే అక్కడ గొట్టం మూసుకుంది. పైపు మూసుకుంటే ట్యాంకులో మందు పోసి లాభమేమిటి? ఇంజన్ మెకానిక్ అయిన మా మామూకి ఈ ముక్క ఎవరైనా మొదటివారంలో చెప్పుంటే ఆయన ఒక్క నిమిషంలో అర్థం చేసుకునేవాడు.

దీనికి చేసే ఆపరేషన్ పేరు విపుల్. అలెన్ విపుల్ అనే అమెరికా సర్జన్ 1935లో దాని గురించి రాశాడు, ఆయన పేరే నిలిచిపోయింది. క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పైత్యం గొట్టంలో కొంత, ఒక్కోసారి కడుపులో కొంత తీసేస్తారు. తర్వాత మిగిలిన క్లోమాన్ని, గొట్టాన్ని, కడుపుని మళ్లీ పేగుకి కుడతారు. గంటల తరబడి సాగే పని. అసలు ఖత్రా కుట్టిన తర్వాత మొదలవుతుంది. క్లోమం రసం మాంసాన్ని అరిగించే రసం. కుట్టులోంచి అది కారితే పక్కనున్న రక్తనాళాన్ని తినేస్తుంది. ఐదో రోజు, పదో రోజు, అర్ధరాత్రి రక్తస్రావం మొదలవుతుంది. ఆ అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న నర్సు గుర్తుపట్టాలి. స్కాన్ గది తెరిచి ఉండాలి. తొడలోంచి తీగ పంపి రక్తనాళాన్ని మూసే డాక్టర్ దొరకాలి. బ్లడ్ బ్యాంకులో రక్తం ఉండాలి. అంటే ఈ ఆపరేషన్‌ని ఒక్క సర్జన్ చేయడు, ఒక ఆసుపత్రి చేస్తుంది.

అందుకే ఎక్కువసార్లు చేసే చోట మరీజ్‌లు తక్కువ చనిపోతారు. 2002లో అమెరికాలో వృద్ధుల సర్కారీ బీమా లెక్కలు తీసి ప్రచురించారు. క్లోమం ఆపరేషన్ దాదాపు ఎప్పుడూ చేయని ఆసుపత్రుల్లో నూటికి 16 మందికి పైగా చనిపోయారు. ఏడాదికి 16కు మించి చేసిన ఆసుపత్రుల్లో నూటికి నలుగురి కంటే తక్కువ. అదే జబ్బు, అదే ఆపరేషన్, అదే దేశం. నెదర్లాండ్స్ ఈ పాఠం నేర్చుకుని షర్త్ పెట్టింది, ఏడాదికి కనీసం 20 చేయని ఆసుపత్రి ఈ ఆపరేషన్ జోలికి వెళ్లకూడదని.

ఇప్పుడు నేను చెప్పబోయేది మన వైపు చాలామందికి నచ్చదు. పలాసలోనో టెక్కలిలోనో విపుల్ ఆపరేషన్ చేసే ఆసుపత్రి కావాలని అడగడం తప్పు.

ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ ఒక లీడర్ సూపర్ స్పెషాలిటీ అనే బోర్డు వాగ్దానం చేస్తాడు. మనం చప్పట్లు కొడతాం. భవనం లేస్తుంది, రంగు పడుతుంది, రిబ్బన్ కట్ అవుతుంది. లోపల స్పెషలిస్ట్ పోస్టు ఖాళీ. బోర్డుని చూసి మనం మోసపోతాం. ఏడాదికి రెండు విపుల్‌లు చేసే ఆసుపత్రి ఇంటి పక్కనే ఉంటే అది మనకి చేసిన మేలు కాదు, ఖత్రా.

మీరు అడగవచ్చు, మరి కిడ్నీ ఆసుపత్రి పలాసకి రాలేదా? వచ్చింది. రావాల్సిందే. ఉద్దానంలో కిడ్నీలు పోయి మనుషులు రాలిపోతున్న సంగతి 1990ల నుంచి జనం చెప్తూనే ఉన్నారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఏ మండలానికి వెళ్లినా డయాలసిస్ ఫైలు లేని వీధి కనపడేది కాదు. ఏళ్ల తరబడి అరిచాక 2019 సెప్టెంబర్‌లో శంకుస్థాపన జరిగింది, 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ తెరిచారు. ఆ పోరాటం చేసినవాళ్లకి నా సలాం.

కానీ రెండు జబ్బుల లెక్క వేరు భాయ్. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు, జిందగీ అంతా. దాని కోసం మనిషి వైజాగ్ తిరగలేడు, అది మనిషి దగ్గరికి రావాలి. విపుల్ జిందగీలో ఒక్కసారి. దాని కోసం మనిషే వెళ్లాలి, కానీ ఆలస్యం కాకుండా వెళ్లాలి. డయాలసిస్ విషయంలో మనం మెషీన్ అడిగాం, సరైన డిమాండే. క్లోమం విషయంలో అడగాల్సింది దారి. మొదటి స్కాన్ నుంచి సర్జన్ టేబుల్ దాకా ఎక్కడా తెగని దారి. ఆ దారి లేకపోతే ఎంత గొప్ప సర్జన్ ఉన్నా ఆయన మన మనుషులకి చూపించేది ఫిల్ము ఒక్కటే.

దారి గురించి మాట్లాడితే మా ఖాలా కొడుకు గుర్తొస్తాడు. వాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటారు. శ్రీకాకుళం తీరం నుంచి అండమాన్‌కి వలస పోవడం మనకి కొత్త కాదు. 2011 జనగణనలో ఆ ద్వీపాల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. అక్కడినుంచి విశాఖకి ఓడ మీద రావాలంటే రెండు మూడు రోజులు సముద్రంలోనే. మామూ పోయినప్పుడు వాడు ఫోన్ చేసి ఏడ్చాడు. ఏడ్చాక అన్నాడు, "భయ్యా, మాకు సముద్రం అడ్డం అని అందరూ ఒప్పుకుంటారు. ఎవరికైనా పెద్ద జబ్బు అంటే మొదటిరోజే ఏ ఊరు పంపాలి, టికెట్ ఎలా, తోడెవరు అనే మాటలే. మీకు ఏది అడ్డం వచ్చింది?"

నాకు నోరు రాలేదు. భావనపాడు నుంచి వైజాగ్‌కి మధ్య సముద్రం లేదు. నౌపడ ఉప్పుమడులు దాటితే టెక్కలి, అక్కడ హైవే. నౌపడలో రైలు ఉంది, పలాసలో మెయిన్‌లైన్ రైలు ఉంది. మ్యాపులో చూస్తే మనకి అంతా దగ్గరే. అందుకే మన దూరం ఎవరికీ కనపడదు. ద్వీపం వాళ్లకి దూరం ఉందని కాగితం మీద ఉంటుంది. మన దూరం రోజుకూలి పోవడంలో, వైజాగ్‌లో రాత్రి పడుకునే చోటు లేకపోవడంలో, ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియకపోవడంలో ఉంటుంది. బోటు మీద పోయే మనిషికి వేట లేని రోజు అన్నం లేని రోజు. అందుకే కదా మన ఒడ్డు కుర్రాళ్లు గుజరాత్‌లోని వీరావల్ దాకా బోట్ల మీద పనికి పోతారు. ఆ ఇంట్లో తండ్రికి కామెర్లు వస్తే తోడు వెళ్లాల్సిన కొడుకు అరేబియా సముద్రంలో ఉంటాడు.

స్కాట్లాండ్‌లో ద్వీపాలవాళ్ల కోసం ఒక పాత కాయిదా ఉంది. ఉత్తర కొండప్రాంతాల్లో, ద్వీపాల్లో ఉండే మరీజ్ ఆసుపత్రికి 30 మైళ్లకు మించి ప్రయాణం చేస్తే, లేదా ఐదు మైళ్లకు మించి సముద్రం దాటితే, చార్జీ ప్రజావైద్య వ్యవస్థ తిరిగి ఇస్తుంది. ఊరూరా పెద్ద ఆపరేషన్ థియేటర్ కట్టలేమని వాళ్లు నిజాయితీగా ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక, దూరం ఖర్చు మరీజ్ నెత్తిన వేయకూడదని కూడా ఒప్పుకున్నారు. ఇన్సాఫ్ అంటే అది. ఆసుపత్రిని దూరంగా పెట్టడం సర్కార్ ఫైసలా అయితే, ఆ దూరం ఖర్చు కూడా సర్కార్ జిమ్మెదారీయే.

మన దగ్గర ఏముంది? చాలానే ఉంది, లేదని ఝూట్ చెప్పను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, లక్షల మంది గరీబ్ ఇళ్లని కర్జా నుంచి కాపాడింది. ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకి రోజుకు 225 రూపాయల చొప్పున ఇచ్చే ఆరోగ్య ఆసరా 2019 డిసెంబర్‌లో వచ్చింది. జబ్బులో పోయిన కూలి కూడా ఇలాజ్ ఖర్చేనని దానితో సర్కారే ఒప్పుకుంది. కానీ అది ఆపరేషన్ అయ్యాక. రైల్వే వాళ్లు కేన్సర్ మరీజ్‌కి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా మాఫీ చేస్తారు, తోడు వెళ్లే ఒకరికి ఆ తరగతుల్లో నాలుగింట మూడు వంతులు తగ్గిస్తారు. ఇది తెలియని ఖాందాన్‌లు చాలా ఉన్నాయి, చదివినవాళ్లు నలుగురికి చెప్పండి. కానీ దానికి కేన్సర్ అని ఆసుపత్రి రాసిచ్చిన సర్టిఫికెట్ కావాలి.

మెలిక చూశారా? ప్రతి సహాయమూ జబ్బు పేరు తేలాకే మొదలవుతుంది. మా మామూ పదకొండు వారాల్లో దాదాపు పది వారాలు పేరు తేలకముందువే. కార్డు థియేటర్ తలుపు దగ్గర పనిచేసింది. ఆ తలుపు దాకా వచ్చే దారిలో మేం ఒక బంగారు గొలుసు, ఒక పాత ఇంజన్ అమ్మాం.

ఓడలకైతే దారి తవ్వుతారు. భావనపాడు పోర్టు అని మొదలుపెట్టి, చివరికి మూలపేట పేరుతో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేశారు. వేల కోట్ల ప్రాజెక్టు. సముద్రం లోతు కొలిచారు, ఓడ ఏ దిక్కున తిరగాలో, ఎక్కడ ఆగాలో గీత గీశారు. బొగ్గు ఓడకి గీసినంత శ్రద్ధగా ఒక మరీజ్‌కి గీత గీయమని అడుగుతున్నాం. అదేమైనా పెద్ద కోరికా?

మొదట కావాల్సింది ఒక ఖాయిదా. నలభై దాటిన మనిషికి నొప్పి లేని కామెర్లు, దురద, సుద్దరంగు మలం ఉంటే వారంలోపు సీటీ. పీహెచ్‌సీలో ఆశా కార్యకర్తకి, ఆర్‌ఎంపీకి, మందుల షాపువాడికి కూడా ఈ మూడు ముక్కలు తెలిసేలా గోడమీద కాగితం. క్రియాటినిన్ ఎక్కువుంటే సీటీ ఆపేసి కూర్చోవడం కాదు, కిడ్నీ డాక్టర్, కేన్సర్ డాక్టర్ ఫోన్లో మాట్లాడుకుని అదే రోజు దారి చెప్పాలి. రంగు మందు జాగ్రత్తగా ఇవ్వాలా, ఎంఆర్ఐ చేయాలా వాళ్లు తేల్చాలి. ఉద్దానం పక్కన ఇది రోజూ వచ్చే సమస్య, ఇక్కడే దీనికి జవాబు తయారుగా ఉండాలి.

తర్వాత, మనిషి కంటే ముందు ఫిల్ము ప్రయాణం చేయాలి. దేశంలో ఎన్నో కేన్సర్ ఆసుపత్రులని కలిపిన నేషనల్ కేన్సర్ గ్రిడ్ ఉంది, డాక్టర్లు దూరం నుంచే ఒక కేసు మీద కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు అందులో ఉంది. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. శ్రీకాకుళంలో తీసిన సీటీ ఆ సాయంత్రమే అక్కడి స్క్రీన్ మీద కనపడటానికి కొత్త భవనం అక్కర్లేదు. తీయగలిగే గడ్డ అయితే వెంటనే రమ్మంటారు. కాకపోతే, స్టెంట్ వేసి దురద తగ్గించి, నొప్పికి మందిచ్చి, ఇంటికి దగ్గర్లోనే చూసుకోమంటారు. ఆ మనిషి మిగిలిన నెలలు క్యూలలో పోకుండా పిల్లల మధ్య గడుస్తాయి. తీయలేని జబ్బుకి కూడా ఆలస్యం చేసే హఖ్ ఎవరికీ లేదు.

మూడోది, నోటిమాట బంద్ కావాలి. "పెద్దాసుపత్రికి పోండి" అనేది ఇలాజ్ కాదు, చేతులు దులుపుకోవడం. చీటీ మీద ఆసుపత్రి పేరు, డిపార్ట్‌మెంట్, తారీఖు, టైము, అక్కడ ఎత్తే ఫోన్ నంబర్ ఉండాలి. ఆ తారీఖుకి మరీజ్ రాకపోతే, ఎందుకు రాలేదని పంపినవాళ్లే ఫోన్ చేయాలి. చార్జీ, తోడుమనిషి కూలి, రాత్రి పడుకునే చోటు ఆ చీటీతోనే మొదలవ్వాలి, సర్టిఫికెట్ కోసం ఆగకూడదు.

నాలుగోది, హిసాబ్ బయటపెట్టాలి. ఆరోగ్యశ్రీ మొదలైనప్పటినుంచి పథకం కింద చేసే ప్రతి పెద్ద ఆపరేషన్‌కీ ముందు అనుమతి కావాలి, తర్వాత బిల్లు పోవాలి. అంటే ఏ ఆసుపత్రి ఏడాదికి ఎన్ని విపుల్‌లు చేసింది అనే లెక్క సర్కార్ దగ్గర ఉంటుంది. మరీజ్ దగ్గర లేదు. మనం ఫ్రిజ్ కొనేముందు పదిమందిని అడుగుతాం. కడుపు కోయించుకునేముందు అడగడానికి ఒక్క అంకె లేదు. ఎన్ని చేశారు, మూడు నెలల్లోపు ఎంతమంది పోయారు, ఆసుపత్రి గోడ మీద రాయండి. ఇది ఏ డాక్టర్ మీదా ఇల్జామ్ కాదు, అమానత్ విషయం.

ఇక్కడ కొందరు డాక్టర్లే అడ్డం వస్తారని తెలుసు. "ఆపరేషన్ చేసినా చాలామంది ఐదేళ్లు బతకరు, ఇంత హంగామా ఎందుకు?" నిజమే, ఇది జాలిమ్ జబ్బు. ఆపరేషన్ అయినవాళ్లలో కూడా తిరగబెట్టేది ఎక్కువ. కానీ అవే పచ్చకళ్లతో, అదే దురదతో వచ్చేవాళ్లందరిదీ క్లోమం కేన్సర్ కాదు. పైత్యం గొట్టం పేగులోకి తెరుచుకునే చోట లేచే గడ్డ కూడా ఉంటుంది. ఆపరేషన్ అదే విపుల్, కానీ బతికే ఉమ్మీద్ చాలా ఎక్కువ. ఒక్కోసారి అది రాయి మాత్రమే, ఎండోస్కోపీతో తీసేస్తే సరి. ఇంటి అరుగు మీద కూర్చుని ఏది ఏదో ఎవరు చెప్పగలరు? "లాభం లేదు" అనే మాట చూశాక చెప్పాలి, చూడకముందు కాదు.

సర్కార్‌ని ఇంత అడిగాక మన గిరేబాన్‌లోకి కూడా తొంగిచూడాలి.

మామూకి పసరు తాగించింది నేనే ఆపలేదు. చదువుకున్నవాణ్ని, ఫోన్లో చూస్తే పది నిమిషాల్లో తెలిసేది. పెద్దవాళ్లు బాధపడతారని ఊరుకున్నాను. ఆ మూడు వారాల గునాహ్‌లో నా వాటా ఉంది. తర్వాత జబ్బు పేరు తెలిశాక "అబ్బాకి చెప్పొద్దు" అని అందరూ కసమ్ తీసుకున్నారు. రాత్రి రెండింటికి చీకట్లో ఇంజన్ విప్పి ఎక్కడ తప్పుందో చెప్పే మనిషికి ఆయన ఒంట్లో ఏముందో చెప్పకుండా దాచాం. ఆయనకి తెలుసు. ఒకరోజు ముమానీతో అన్నాడట, "అందరూ నా ముందు ఎందుకు నవ్వుతున్నారు?" తెలిసుంటే ఎవరికి ఎంత ఇవ్వాలో, షెడ్డు ఎవరికి అప్పగించాలో చెప్పుకునేవాడు. వసియ్యత్ చెప్పుకునే అవకాశం కూడా మనమే లాగేసుకున్నాం.

తవక్కుల్ పేరుతో చేతులు కట్టుకునేవాళ్లకి ఒక సంగతి యాద్ చేస్తాను. ఒంటెని వదిలేసి అల్లాహ్ మీద భారం వేయనా అని అడిగిన మనిషికి, ముందు దాన్ని కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్యి అని రసూల్ (స) చెప్పిన సంగతి మన పిల్లలకి కూడా తెలుసు. స్కాన్ తీయించడం ఒంటెని కట్టడమే. దువా చేయండి, తప్పకుండా చేయండి. వైజాగ్ బస్సులో కూర్చుని చేయండి.

ఇంకో మాట జమాత్ పెద్దలకి. శ్రీకాకుళం జిల్లాలో మనం గుప్పెడు మందిమి. టెక్కలి, కాశీబుగ్గ, ఇచ్ఛాపురం, ఎక్కడ చూసినా పదుల ఇళ్లే. రంజాన్‌లో జకాత్ తీస్తాం, చీరలు, బియ్యం పంచుతాం. జకాత్ అందాల్సిన ఎనిమిది రకాల మందిలో ఫఖీర్, మిస్కీన్‌తో పాటు ఇబ్నుస్సబీల్ కూడా ఉన్నాడు, దారిలో చిక్కుకున్న ముసాఫిర్. వైజాగ్ ఆసుపత్రి మెట్ల మీద తువ్వాలు పరుచుకుని పడుకున్న గరీబ్ తోడుమనిషి కంటే ఎవరు ముసాఫిర్? ఆలిమ్‌లని అడగండి, ఆ పద్దు ఎలా తీయాలో వాళ్లు చెప్తారు. వైజాగ్‌లో ఉన్న మన ఇళ్లవాళ్లు ఒక గది, ఒక ఫోన్ నంబర్, ఏ కిటికీ ఎక్కడుందో తెలిసిన ఒక కుర్రాణ్ని ఇవ్వగలరు. మన మరీజ్‌లకే కాదు. మామూ జనాజా రోజు భావనపాడు నుంచి రెండు ట్రాక్టర్ల నిండా మత్స్యకారులు వచ్చారు. ఆ రోజు ఒక్క బోటూ వేటకి పోలేదు. "సాయిబు మేస్త్రీ నేకపోతే మా ఇంజన్లకి ఏటి గతి బాబూ" అని ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆ గదిలో మొదటి మంచం ఆయనలాంటివాళ్లకే.

కానీ ఖైరాత్‌తో సర్కార్ జిమ్మెదారీ మాఫీ కాదు. గది మనం ఇస్తాం. తారీఖు వాళ్లు ఇవ్వాలి.

ఈసారి ఓటు కోసం వచ్చే ఏ పార్టీ లీడరైనా సూపర్ స్పెషాలిటీ అని మొదలుపెడితే చప్పట్లు ఆపి ఒక్క సవాల్ అడగండి. "భావనపాడులో ఒక మనిషికి ఈ రోజు కళ్లు పచ్చబడితే, ఎన్నో రోజున ఆయన సర్జన్ ముందు కూర్చుంటాడు?" రోజుల్లో జవాబు చెప్పమనండి. భవనాల్లో కాదు.

మా మామూకి అల్లాహ్ మగ్‌ఫిరత్ చేయుగాక. మీ ఇంట్లో ఎవరికైనా కారణం లేని దురద, పచ్చకళ్లు, కొత్త షుగర్, తగ్గే బరువు కనపడితే, ఈ వ్యాసం ఇక్కడే ఆపి ముందు స్కాన్‌కి బయల్దేరండి. ఖుదా హాఫిజ్.